పదిమంది కూడుచోట పొగత్రాగుట: పొగాకు రైతు ఏమనవలెను?

బస్సులలోను, ఆసుపత్రులలోను, కచేరీలలోను, భోజనశాలలలోను పొగ త్రాగరాదని ప్రభుత్వము శాసించుట న్యాయమేనా యను ప్రశ్న పట్టణవాసులకు ఆరోగ్యమునకును మర్యాదకును మాత్రమే సంబంధించినది. పొగాకు పండించు మండలములలో నది పైరునకును అప్పునకును సంబంధించిన ప్రశ్నగ మారుచున్నది. ప్రకాశము, గుంటూరు, నెల్లూరు, గోదావరి ప్రాంతములలో నారు కొని, భూమికిని బ్యారన్‌కును కౌలు చెల్లించి, బ్యాంకిలో అప్పు తెచ్చి, వేలము కేంద్రమున తన బేళ్లు అమ్ముడుపోవువరకు ప్రాణము లరచేత బెట్టుకొనియుండు రైతుతో "పొగత్రాగుటను నిషేధింపవలెను" అని యెవరైన ననినచో, ఆతని చెవికి అది "నీ పంటను నిషేధింపవలెను" అన్నట్లే వినబడును. ఈ రెండును ఒకటి కావనియు, మొదటిదానికి రైతు మనస్ఫూర్తిగ సమ్మతించుచునే రెండవదానియందు తనకు రావలసిన న్యాయమును గట్టిగ అడుగవచ్చుననియు మా యభిప్రాయము. దానికి కారణములను సభ్యుల ముందుంచుచున్నాము.

మొదట మన దేశపు చట్ట మేమి చెప్పుచున్నదో తెలిసికొందము. ఇది యింకను ఆలోచనలో నున్న విషయమని పలువురు తలంచుచున్నారు గాని, ఆ దశ గడచి చాలకాల మైనది. పార్లమెంటు 2003 సంవత్సరమున సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తులను గూర్చిన చట్టమును చేసినది. అందలి 4వ సెక్షను బహిరంగ స్థలములలో పొగత్రాగుటను నిషేధించుచున్నది. దానికి కావలసిన సమగ్ర నిబంధనలు 2008 అక్టోబరు 2వ తేదీన, గాంధీజయంతినాడు, అమలులోనికి వచ్చినవి. ఆసుపత్రి, న్యాయస్థానము, పాఠశాల, గ్రంథాలయము, సినిమాశాల, హోటలు, బస్సు, రైలు, పదిమంది పనిచేయు కార్యాలయము – ఇవి యన్నియు దానిక్రిందికి వచ్చును. చుట్ట, బీడీ, సిగరెట్టు, హుక్కా అను భేదము లేదు. అతిక్రమించినవానికి 200 రూపాయలవరకు జరిమానా యని ఆ నిబంధనలలో నిర్ణయింపబడినది.

ఇచ్చట 'బహిరంగ స్థలము' అను మాటయే కొంత చిక్కు తెచ్చుచున్నది. బహిరంగమనగా ఆరుబయలని సామాన్యార్థము. చట్టమునకు ముఖ్యముగ కావలసినది దానికి దాదాపు విరుద్ధము: నాలుగు గోడలు, పైకప్పు కలిగి, పదిమంది వచ్చిపోవు చోటు. ఆరుబయలులో బస్సుస్టాండు, రైల్వేస్టేషను, క్రీడాప్రాంగణము వంటి జనసమ్మర్దము గల చోట్లు మాత్రమే చేర్చబడినవి. తన పొలముగట్టున, తన పెరటిలో చుట్ట ముట్టించుకొను ముసలిరైతు జోలికి ఈ చట్టము పోలేదు. మన గ్రామములలో దీనిపై పుట్టిన కోపములో సగము ఈ మాటను సరిగ నర్థము చేసికొనకపోవుటవలననే పుట్టినదని మా నమ్మకము.

చట్టమునకు పూర్వము కూడ ప్రయత్నములు జరుగకపోలేదు. ఢిల్లీలో 1996లోనే ఇట్టి శాసన మొకటి చేసిరి. 1999లో కేరళ హైకోర్టు, పదిమందిలో పొగత్రాగుట ప్రజాబాధకమని, ఇతరులు పీల్చు గాలిని చెఱచుట శిక్షాస్మృతి ప్రకారము నేరమే యని తీర్పు చెప్పినది. 2001 నవంబరు 2వ తేదీన సుప్రీంకోర్టు మురళీ దేవరా వేసిన పిటిషనుపై, దేశమంతటను ఆసుపత్రులు, విద్యాలయములు, న్యాయస్థానములు, గ్రంథాలయములు, రైళ్లు, బస్సులు మొదలగుచోట్ల పొగత్రాగుటను నిషేధింపుడని ప్రభుత్వముల నాజ్ఞాపించెను. పొగత్రాగనివాడు తన దోషమేమియు లేకుండ రోగముల పాలగుటయు, ప్రాణహక్కునకు భంగము కలుగుటయు ఆ యాజ్ఞకు మూలము.

వీనికంటె పాతది రైల్వేల పద్ధతి. 1989 నాటి రైల్వే చట్టము 167వ సెక్షనులో, పెట్టెలోని తోటి ప్రయాణికు డాక్షేపించినచో పొగత్రాగరాదని యున్నది. చూచుటకిది మర్యాదయైన ఏర్పాటు. కాని జరుగున దేమి? ఆక్షేపింపవలసినవా డెవడు? చంటిబిడ్డ నెత్తుకొన్న తల్లియా? కూలికి పోవు పడుచా? మోతుబరి యెదుట నిలిచిన కౌలుదారుడా? వారు నోరు విప్పరు. నోరు విప్పకపోవుటను సమ్మతిగ నెంచుదురు. బలహీనుడు బలవంతుని అడిగి తెచ్చుకొనవలసిన హక్కు హక్కు కాదు. అడుగనక్కరలేకుండ గోడమీద వ్రాసియున్న నియమమే ఆతనికి రక్ష. ప్రభుత్వము ఇందు జోక్యము కలిగించుకొనవలసినదే యనుటకు మాకు తోచు మొదటి కారణ మిదియే.

ఇక ఆక్షేపణలను చూతము. రచ్చబండవద్ద సామాన్యముగ వినబడున దిట్లుండును: "నా డబ్బు, నా చుట్ట, నా యూపిరితిత్తులు. నడుమ సర్కారువారి కేమి?" ఈ మాటలో నిజమున్నది, కాని అది మూడవ భాగమునందు తప్పినది. డబ్బు ఆతనిది, చుట్ట ఆతనిది, ఊపిరితిత్తులు మాత్రము ఆతనివొక్కటే కావు.

బ్యారన్ నడపిన ప్రతి రైతునకు ఒక సంగతి తెలియును. మంట వెలుపలి పొయ్యిలో, ఆకు లోపలి కర్రలమీద. కట్టెల వేడి ఇనుపరేకు గొట్టములవెంట నేలమీదుగ గదిలో తిరిగి, గదిని వెచ్చజేసి, పొగ మాత్రము ఆకును తాకకుండ పొగగొట్టముద్వారా ఆకాశమునకు పోవలెను. గొట్టమున కెచ్చటనైన చిల్లుపడినచో ఆకునకు పొగవాసన పట్టును, రంగు చెడును, వేలమున ధర తెగును. నిప్పురవ్వ యెగసినచో బ్యారనే తగులబడును. అందుచేత ఆకు వేయుటకు ముందు గొట్టముల అతుకులన్నియు తడవి తడవి చూచుకొందుము. పొగాకునకే పొగ తగులరాదని యింత జాగ్రత్త పడు మనము, ఆ పొగ బస్సులో ప్రక్కనున్న పసిబిడ్డకు తగిలిన నేమియు కాదనుట యెట్లు?

ఆ పొగలో నేమున్నదో కొంచెము వివరింపవలెను. చుట్టగాని సిగరెట్టుగాని కాలునపుడు రెండు విధములైన పొగ పుట్టును. త్రాగువాడు లోనికి పీల్చి వెలుపలికి విడుచునది యొకటి. పీల్పునకు పీల్పునకు నడుమ కొస ఊరక కాలుచుండగా లేచునది రెండవది. గదిలో నిండుకొను పొగలో అధికభాగ మీ రెండవదే. పీల్చునపుడు కొస ఎఱ్ఱగ రగిలి ఎక్కువ వేడితో మండును. ఊరక కాలునపుడు తక్కువ వేడితో మసలుచు కాలును. అట్లు కాలినపుడు కార్బన్ మోనాక్సైడు, బెంజీను, క్యాన్సరు పుట్టించు మరి కొన్ని పదార్థములును ఎక్కువ పాలు వెలువడును. సిగరెట్టు ఫిల్టరు దీనికి అడ్డే కాదు; ఫిల్టరు త్రాగువాని నోటివైపున నున్నది, ప్రక్కవానివైపున లేదు.

ఇది ఊహగాక లెక్కలతో తేలిన విషయము. జపానులో తకేషి హిరయామా అను వైద్యశాస్త్రజ్ఞుడు పొగత్రాగని వివాహిత స్త్రీలను 91,540 మందిని 14 సంవత్సరములు కనిపెట్టియుండి, 1981లో ఫలితములను ప్రకటించెను. భర్త త్రాగు సిగరెట్ల సంఖ్య పెరిగినకొలది, తానెన్నడును పొగ ముట్టని భార్యకు ఊపిరితిత్తుల క్యాన్సరు వచ్చు ప్రమాదము పెరుగుచున్నట్లు తేలెను. ఆనాడు దీనిపై చాల వాదప్రతివాదములు జరిగినవి. తరువాత అనేక దేశములలో జరిగిన పరిశోధనలు ఆయన మాటనే బలపరచినవి. 1986లోను, మరల 2006లోను అమెరికా ప్రభుత్వపు ప్రధాన వైద్యాధికారి ప్రకటించిన నివేదికలు, ఇతరుల పొగ పీల్చుటవలన రోగములు వచ్చునని నిశ్చయించినవి; ఇంతవరకు పీల్చిన అపాయము లేదని చెప్పదగిన మోతాదే లేదని రెండవ నివేదిక స్పష్టముగ చెప్పినది. పిల్లలకు ఉబ్బసము, న్యుమోనియా, చెవిరోగములు హెచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము తాము పొగ త్రాగకయే ఇతరుల పొగవలన చనిపోవువారు ఏటేట పది లక్షలకు మించియున్నారు.

"ఇది యంతయు దొరల సిగరెట్టు సంగతి, మన నాటు చుట్టకు దోషము లేదు" అను మాట కూడ విందుము. ఇది పొరపాటు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో చుట్ట మండుకొనను నోటిలోపల నుంచుకొని త్రాగు నలవాటు, దానినే అడ్డపొగ యందురు, ముఖ్యముగ స్త్రీలలో తరతరములుగ నున్నది. ఆ స్త్రీలలో అంగిటి క్యాన్సరు మిక్కుటముగ కనబడుట 1960, 1970 దశకములలో దేశవిదేశ వైద్యులు పరిశోధించి ప్రకటించిరి. ప్రపంచమున మరి యెచ్చటనో గాని కానరాని ఈ రోగము మన తెలుగు పల్లెలలో పుట్టినది మన చుట్టవలననే గాని దొరల సిగరెట్టువలన కాదు.

ఒక గదిని రెండు చేసి, ఒకవైపు త్రాగువారిని, ఒకవైపు త్రాగనివారిని కూర్చుండబెట్టిన చాలదా యని మరికొంద రడుగుదురు. బ్యారన్‌లో గొట్టము ఒక మూల చిల్లుపడినది గనుక ఆ మూలనున్న ఆకు మాత్రమే చెడునని ఏ రైతైన ననునా? పొగకు సరిహద్దురాళ్లు లేవు. మన నిబంధనలే ఇందు కొంత సడలింపు చూపినవి: 30 గదులకు తక్కువకాని హోటళ్లును, 30 మందికి తక్కువకాకుండ కూర్చుండు భోజనశాలలును, విమానాశ్రయములును వేరుగ పొగగది నేర్పరుచుకొనవచ్చును. చిన్న కాఫీహోటలు కీ యవకాశము లేదు. పేదవాడు టీ త్రాగుచోట సంపూర్ణ నిషేధము, ధనికుడు భోజనము చేయుచోట పొగగది! ఈ సడలింపును తీసివేయుటయే న్యాయము. అట్టి గదిలో పళ్లెము లందించు పనివానికి కూడ ఊపిరితిత్తు లున్నవి గదా.

స్వేచ్ఛ యను మాటనుగూర్చి మరియొక్క సంగతి. ప్రత్తి యార్డులో బోరెములనడుమ నొకడు బీడీ వెలిగించినచో ఆతని స్వేచ్ఛనుగూర్చి ఎవరును వాదింపరు. చేతిలోనిది లాగి నేలవేసి త్రొక్కి, రెండు తిట్టి బయటికి పంపుదురు. ఒకరి నిప్పు పదిమంది సొత్తును కాల్చునని అచ్చట కన్నులకు కనబడుచున్నది. ఊపిరితిత్తులలో జరుగున దిరువది యేండ్లకుగాని కనబడదు. భేద మంతియే.

ప్రభుత్వములు పొగాకుపై విరుచుకుపడుట క్రొత్తగాదు. ఇంగ్లండు రాజు మొదటి జేమ్సు 1604లో పొగాకును దూషించుచు ఒక పుస్తకమే వ్రాసి, దానిపై సుంకమును ఒక్కసారిగ నలువది రెట్లకు పెంచెను. ఫలితము దొంగరవాణా. మన దేశమున జహంగీరు చక్రవర్తి 1617లో పొగత్రాగుటను నిషేధించెను. ఆ నిషేధము కాగితముమీదనే నిలిచి, పొగాకు దేశమంతట ప్రాకినది. మన కాలమున భూటాను దేశము 2004లో పొగాకు అమ్మకమునే నిషేధించి, సరిహద్దు దాటి వచ్చు దొంగసరకును ఆపలేక, 2021లో ఆ నిషేధమును ఎత్తివేసినది. వస్తువునే లేకుండ చేయబూనిన శాసనముల గతి యిది. ఇప్పుడు మనము విచారించునది అట్టిది కాదు. త్రాగవద్దని కాదు, ఇచ్చట త్రాగవద్దని చెప్పుట. ఇది సాధ్యమేనని చూపిన దేశములు కలవు.

ఐర్లండు దేశము 2004 మార్చి 29వ తేదీన, సారాయి దుకాణములతోసహ పనిచేయు చోట్లన్నిటను పొగను నిషేధించెను. ఒక దేశము దేశమంతయు ఇట్లు చేయుట అదియే మొదలు. త్రాగుడు, పొగ, పాట కలిసి నడచు ఆ దుకాణములలో ఈ చట్టము ఒక్కనాడైన నిలువదని చాలమంది నవ్విరి. నిలిచినది. ఆ దుకాణములలో పనిచేయు పొగత్రాగని వారి ఉమ్మిని, చట్టమునకు ముందొకసారి, ఒక సంవత్సరము తరువాత ఒకసారి పరీక్షించి చూడగా, ఇతరుల పొగవలన చేరు నికోటిను జాడ నూటికి 80 వంతులు తగ్గియుండెను. అదే కాలమున అట్టి చట్టము లేని ప్రక్కనున్న ఉత్తర ఐర్లండులో తగ్గినది 20 వంతులు మాత్రమే. 2006లో స్కాట్లండు ఇట్టి చట్టమునే చేసిన తరువాత, తొమ్మిది ఆసుపత్రులలో లెక్కింపగా, తీవ్రమైన గుండెజబ్బుతో చేరువారి సంఖ్య ఒక్క సంవత్సరములో నూటికి 17 వంతులు తగ్గినట్లు తేలెను. అప్పటికి చట్టము రాని ఇంగ్లండులో 4 వంతులే.

మన దేశమున నేమి జరిగినది? ఇచ్చట కొంచెము నిలిచి ఆలోచింపవలెను. భారత ప్రభుత్వము పెద్దలలో పొగాకు వాడుకనుగూర్చి 2009-10లో ఒకసారి, 2016-17లో మరొకసారి దేశమంతట విచారణ జరిపించినది. ఇంటిలో ఇతరుల పొగ పీల్చువారు మొదటి విచారణలో నూటికి 52.3 మంది, రెండవదానిలో 38.7 మంది. ఇంటిలో పొగత్రాగరాదని చట్ట మేదియు లేదు, ఐనను తగ్గెను. గోడలనడుమ పనిచేయు చోట్ల పొగ పీల్చువారు మొదట 29.9 మంది, తరువాత 30.2 మంది. ఇచ్చట చట్ట మున్నది; ఐనను తగ్గలేదు.

దీనిని పట్టుకొని చట్టము వ్యర్థమని కొంద రనవచ్చును. మాకట్లు తోచదు. ఇంటిలో "బయటికి పోయి త్రాగుము" అని చెప్పుటకు భార్యయో, కోడలో, మనుమరాలో ఉన్నది. కార్యాలయములో చెప్పువాడు లేడు. నిబంధనలలో అట్టివాని నేర్పాటు చేయకపోలేదు. ప్రతి ద్వారమువద్దను 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పునకు తగ్గకుండ పొగత్రాగరాదను పలక కట్టవలెను. ఫిర్యాదు వినువాని పేరు అచ్చట వ్రాయవలెను. బూడిదగిన్నెలు, అగ్గిపెట్టెలు అందించరాదు. స్థలమునకు యజమానియో, అధికారియో ఉపేక్షించినచో, అచ్చట జరిగిన నేరములెన్నో అన్నిటి జరిమానా ఆతడే చెల్లింపవలెను. ప్రధానోపాధ్యాయునికి, పోస్టుమాస్టరునకు, స్టేషను మాస్టరునకు తమతమ చోట్ల జరిమానా విధించు అధికార మీయబడినది. ఐర్లండులో దుకాణదారుడే బాధ్యుడగుటచేత నియమము నిలిచినది. మనకు బాధ్యత కాగితముమీద నున్నది, బస్సుస్టాండులో బీడీ త్రాగిన కూలివాని జేబునుండి మాత్రము అప్పుడప్పుడు రసీదు లేకయే రూపాయలు పోవుచున్నవి. అధికారులు తమ గదులలో తాము పొగ మానిన పిదప కూలివానిమీదికి వచ్చిన మేలు.

ఇక రైతు భయమునకు వత్తము. బహిరంగ స్థలములలో పొగ మాన్పించినచో పొగత్రాగుట కొంత తగ్గదా? తగ్గును. తగ్గదని రైతును మభ్యపెట్టుట మాకు సమ్మతము కాదు. పై విచారణల ప్రకారము దేశమున పొగత్రాగువారు ఏడేండ్లలో నూటికి 14 నుండి 10.7కు దిగిరి. నిలిచి నిలిచి త్రాగుటకు చోటు లేనివాడు కొంత తక్కువ త్రాగును, కొందరు మానుకొందురు. కాని రైతును ముంచినది ఈ మెల్లని తగ్గుదలయేనా యని లెక్క చూడవలెను.

2000-01లో ఆంధ్రదేశమున వర్జీనియా పొగాకునకు పంట విరామము ప్రకటింపవలసి వచ్చినది. అప్పటికి 2003 చట్టమే లేదు. నిలువలు పేరుకొనిపోవుటయే కారణము. 2015లో బోర్డు అనుమతించినదానికంటె పంట హెచ్చి, విదేశపు గిరాకి తగ్గి, వేలములో ధర పడిపోయినపుడు ప్రకాశము జిల్లాలో రైతులు ప్రాణములు తీసికొనిరి. 2025లో నల్ల బర్లీ సంగతి మనమందరము కన్నులార చూచితిమి: ముందటి యేడు మంచి ధర రాగా విస్తీర్ణము పెరిగినది, కొనువారు మొగము చాటుచేసిరి, తుదకు ప్రభుత్వము మార్కుఫెడ్ ద్వారా కొనవలసివచ్చినది. ఈ మూడింటిలో ఏ యొక్కటియు బస్సులో వ్రాసిన పలకవలన వచ్చినది కాదు. మన వర్జీనియా పొగాకులో పెద్దభాగము విదేశములకు పోవునది. దాని ధర నిర్ణయించునది కొలదిమంది వ్యాపారులును, పరదేశపు పంటయును. పొగాకు బోర్డు 1976లో గుంటూరు కేంద్రముగ ఏర్పడి, 1985లో ఆంధ్రదేశమున వేలములు ప్రారంభించిన తరువాత కొంత క్రమము వచ్చినమాట నిజము. కాని బోర్డు వేలమునకు వెలుపల నున్న బర్లీ, నాటు రకములు పండించువానికి ఆ యండయు లేదు. తన కష్టమునకు కారణము గుంటూరు బస్సుస్టాండులోని పలకలో వెదకు రైతు, తన బేళ్లకు ధర కట్టువానివంక చూచుట మరచిపోవుచున్నాడు.

తెలంగాణమున నిజామాబాదు, కరీంనగరు ప్రాంతములలో ఇంటియొద్ద కూర్చుండి వేయి బీడీల కింతయని చుట్టి బ్రతుకు స్త్రీల సంగతియు ఇట్టిదే. పొగాకు ధూళి వారి యింటిలోనే, వారి పిల్లల ముక్కులలోనే ఉన్నది. పచ్చి ఆకు కోయు కూలీలకు తేమ ఆకునుండి నికోటిను చర్మముద్వారా ఎక్కి తలతిరుగుటయు వాంతులగుటయు మన పొలములలో క్రొత్తగాదు. పొగాకునుగూర్చిన ఆరోగ్యప్రశ్నలో మొదటి రోగులు మనవారే గనుక, ఆరోగ్యపక్షమున మాటలాడుటకు మనకు పట్టణపు పెద్దలకంటె తక్కువ హక్కు లేదు.

మరి అడుగవలసిన న్యాయ మేది? పొగాకును అదుపుచేయుటకు దేశములన్నియు కలిసి ప్రపంచ ఆరోగ్య సంస్థ యాధ్వర్యమున 2003లో ఒక ఒడంబడిక చేసికొన్నవి. భారతదేశము 2004లో దానిని ధ్రువపరచినది. 2005 ఫిబ్రవరి 27 నుండి అది అమలులో నున్నది. దాని 8వ అధికరణము, ఇతరుల పొగనుండి ప్రజలను కాపాడవలెనని చెప్పును. దీనిని అందరు నెరుగుదురు. 17వ అధికరణము పొగాకు పండించువారికిని, ఆ పనిమీద బ్రతుకు కూలీలకును గిట్టుబాటైన మారు జీవనోపాధిని ప్రభుత్వములు ప్రోత్సహింపవలెనని చెప్పును. దీని నెవరును తలపెట్టరు. 8వదానిని అమలుపరచుడని ప్రభుత్వము మనలను కోరినపుడు, 17వదానిని అమలుపరచుడని మనము ప్రభుత్వమును కోరవలెను. 1943లో పొగాకుపై కేంద్ర సుంకము విధింపబడినది మొదలు ఈ యాకు ప్రభుత్వపు బొక్కసమునకు పాడియావైయున్నది. ఆ పాలలో కొంత, పంట మార్చుకొను రైతునకు రావలెననుట భిక్ష యడుగుట కాదు.

పంట మార్చుట మాట చెప్పినంత తేలిక కాదు. ప్రకాశము జిల్లా నల్లరేగళ్లలో చాలమంది పొగాకు విడిచి శనగకు మరలిరి. కొన్నియేండ్లు బాగుగ నడచినది. తరువాత శనగ ధరయు పడిపోయి, శీతల గిడ్డంగులలో బస్తాలు నిలిచి, అద్దెలును వడ్డీలును పెరిగిన కాలము వచ్చినది. తేలికనేలలలో వాన నమ్ముకొన్నవానికి పొగాకువలె పెట్టుబడి యిచ్చి, పండినదానిని ఒకచోట వేలము వేయు ఏర్పాటుగల పంట మరియొకటి లేదు. రైతు పొగాకును వదలనిది ఆకుమీది ప్రేమచేత కాదు, ఆ యేర్పాటుచేత. శనగకును, కందికిని, మినుమునకును అట్టి యేర్పాటు చేసినచో పొగాకును మానుమని ఎవరును చెప్పనక్కరలేదు. బ్యారన్‌మీద పెట్టిన అప్పు తీరుటకు గడువును, దానిని తీసివేయువానికి పరిహారమును లేకుండ "పంట మార్చుకొనుము" అనుట, దూలము తీసి ఇల్లు నిలుపుకొమ్మనుటవంటిది.

ఈ పని యేర్పాటులో సహకార సంఘములకు పాలు లేకపోలేదు. గిడ్డంగి, తూకము, నిలువమీద అప్పు, ఒక్కటిగ అమ్ముట – ఇవి మనము ధాన్యమునకు చేయుచున్నవే, పప్పుధాన్యములకు విస్తరింపవచ్చును. దానినిగూర్చి వేరుగ వ్రాయవలసినది చాల కలదు.

ప్రస్తుతమునకు సభ్యులముందు రెండు తీర్మానము లుంచుచున్నాము. రెండింటిని ఒకే సర్వసభ్య సమావేశమున, ఒకే కాగితముమీద చేయవలెను. ఒకటి చేసి యొకటి విడుచుట తగదు. మొదటిది: సంఘ కార్యాలయము, ఎరువుల గిడ్డంగి, ధాన్యపు కొనుగోలు కేంద్రము, సమావేశపు హాలు – వీనిలో పొగత్రాగుట నేటినుండి మానవలెను. గోనెసంచులు, కాగితములు నిండిన గిడ్డంగిలో దీనికి ఆరోగ్యముతోపాటు నిప్పుభయముకూడ కారణమే. త్రాగువారికి ఆవరణలో గోడలకు దూరముగ చెట్టుక్రింద ఒక చోటు చూపవలెను. వారును సభ్యులే, వారిని వెలివేయుట మన యుద్దేశము కాదు. రెండవది: పొగాకు పండించు సభ్యులకు మారు పంటలలో కొనుగోలు హామీయు, బ్యారన్ అప్పులకు గడువును కోరుచు, ఒడంబడిక 17వ అధికరణమును పేర్కొని, రాష్ట్ర ప్రభుత్వమునకును పొగాకు బోర్డునకును పంపు విజ్ఞప్తి.

పలకను వ్రాయించునపుడు ఒక చిన్న జాగ్రత్త. ఫిర్యాదు వినువాని పేరుగ గుమాస్తా పేరు వ్రాయు నలవాటు పలుచోట్ల కలదు. అట్లు గాక అధ్యక్షుని పేరే వ్రాయింపుడు. తన కొలువు ఎవరిచేతిలో నున్నదో ఆ పెద్దమనిషి చేతిలోని సిగరెట్టును ఆర్పుమని గుమాస్తా చెప్పజాలడు.